నాలుగో తూముకు మినహాయింపు

జ్యేష్ఠ శుద్ధ దశమి

పొద్దున పాటు మీద సముద్రం నీళ్ళు వెనక్కి తీసినప్పుడు నేనూ ఏడుకొండలు బావా నాలుగో తూముకు పడవ వేసుకుని వెళ్ళాం. తలుపు జారే గాడిలో సముద్రపు గుల్ల పట్టింది. బావ ఉలితో గీకాడు. నేను నీటిమట్టం కొలిచే కడ్డీ తుడిచాను. దానికీ గుల్లే. ఎంత గీకినా ఒక పక్షం తిరిగేసరికి మళ్ళీ పడుతుంది. గుల్ల పట్టిన కడ్డీ నీళ్ళు ఇంకా కిందనే ఉన్నాయని చెబుతుంది. తూములో ఉన్న లైబ్రరీ, అంటే తలుపును నడిపే మిషను రాత, ఆ మాట నమ్ముతుంది. పోటు వచ్చినప్పుడు తలుపు ఆలస్యంగా మూసుకుంటుంది. ఆ కాసేపట్లో ఉప్పునీరు లోపలి కాలవలోకి వస్తుంది.

"నువ్వు రాసిన లైబ్రరీ కూడా మనలాగే శేషూ. ఎవడేం చెబితే అది నమ్ముద్ది" అన్నాడు బావ.

"గీకేవాడు సరిగ్గా గీకితే దానికీ బాధ ఉండదు" అన్నాను.

కట్ట మీంచి చూస్తే పాత బందరు రోడ్డు నీళ్ళలోంచి కాస్త తేలి కనిపించింది. కట్టకు ఇవతల మస్తానమ్మత్త నారుమడి ఉంది. నారు వేలెడు ఎత్తు లేచింది. ఆమె మడి గట్టు మీద నిలబడి మమ్మల్నే చూస్తోంది. నాలుగో తూము కాలవే ఆ మడికి ముందు తగిలే కాలవ.

మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని రాత మార్చాను. తూము ఇకనుంచి ఒక కడ్డీ మాట వినదు. లోపలి కడ్డీ, బయటి కడ్డీ రెండూ చూసుకుని, తేడా వస్తే ముందే మూసుకుంటుంది. రాతకు మా కట్ట పేరు పెట్టి, బయటి కీ పెట్టి, సంతకం చోటు ఖాళీగా వదిలాను. మేము దీన్ని వాయిదా సంతకం అంటాం. రాసేవాళ్ళ దగ్గర బయటి కీ మాత్రమే ఉంటుంది. అది ఎవరు చూసినా ఫర్వాలేదు. లోపలి కీ నాంచారయ్య బాబాయి ఇంట్లో, గోడలో బిగించిన పెట్టెలో ఉంటుంది. పెట్టె దాటి అది బయటికి రాదు. ఆయన కూడా దాన్ని ఎప్పుడూ చూడలేదు. రాతను పెట్టె దగ్గరికి మేమే తీసుకువెళ్ళాలి. ఆయన మొత్తం చదివి వేలు ఆనిస్తే ఖాళీ చోట సంతకం పడుతుంది.

సంతకం లేని రాతను తూములన్నీ పారేస్తాయి. ఉత్తుత్తి తూము ఒక్కటే తీసుకుంటుంది. మేము రాసినవి పరీక్షించుకోవడానికి దానికి సంతకం చూడకుండా మినహాయింపు పెట్టుకున్నాం. దాని వెనక బురద తప్ప ఏమీ లేదు.

సాయంత్రం బాబాయి ఇంటికి దిగాను. ఆ ఇల్లు ఊరిలోకెల్లా పల్లంలో ఉంటుంది. సంతకందారు పల్లంలోనే ఉండాలని కట్ట సంఘం నియమం. సంతకం తప్పయితే నీళ్ళు ముందు ఆయన మంచం కిందికే రావాలి. భార్య పోయినా, మోకాళ్ళు నొప్పి పెట్టినా ఆయన ఆ ఇల్లు మారలేదు.

రాత కనిపించే మిషను పలక చేతికిచ్చాను. దగ్గరగా పట్టుకున్నాడు, దూరంగా పట్టుకున్నాడు. పక్కన పెట్టాడు.

"ఉంచి పో. పున్నమి పోటుకి ఉత్తుత్తి తూము ఏం చేసిద్దో చూసి పెడతా."

న్యాయమే అనిపించింది.

జ్యేష్ఠ పౌర్ణమి

పోటు బాగా వచ్చింది. ఉత్తుత్తి తూములో కొత్త రాత వేళకు మూసుకుంది. నాలుగో తూములో పాత రాత ఎప్పటిలా ఆలస్యం చేసింది.

మస్తానమ్మత్త ఆఫీసు గుమ్మంలోకి వచ్చి గుప్పెడు నారు బల్ల మీద పడేసింది. చివర్లు ఎర్రబడ్డాయి.

"చూడు. కాలవ పక్క చాళ్ళు. ఏమ్మా, నీ రాత ఎప్పుడు పడుద్ది తూముకి?"

"బాబాయి సంతకం పెట్టాలి అత్తా."

"ఆయన పెట్టేలోపు నా నారు తొక్కుడు పచ్చడవుద్ది. ఇంకొక్కసారి పోసుకోను మాత్రమే ఉన్నయ్యి గింజలు. అయ్యీ పోతే ఈ ఏడు నా పొలంలో తుంగే."

ఆమె నిలబడి ఉండగానే నేను పల్లానికి దిగాను. బాబాయి ఈసారి పలక తీసుకోలేదు. "నువ్వు చదువు, వింటా" అన్నాడు. చదివాను. విన్నాడు. బాగుందన్నాడు. వేలు మాత్రం పెట్టలేదు.

"విన్నదానికి సంతకం పెట్టరమ్మా. చదివిందానికి పెడతారు. అమావాస్య పోటు కూడా చూద్దాం."

నాకు కోపం వచ్చింది. "పోనీ కీ కొన్నాళ్ళు ఆఫీసు మిషనులో పెట్టు బాబాయ్. పూటకోసారి రాత మారుస్తున్నా. మారినప్పుడల్లా ఇక్కడికి దిగి, నువ్వు రేపనీ ఎల్లుండనీ అంటే పని ఎట్టా సాగిద్ది?"

ఆయన కేకలేయలేదు. "గండి ఏడులో కీ ఎక్కడుంది?" అని అడిగాడు.

"రాసేవాడి మిషనులో."

"ఆడు దొంగా?"

"కాదంటారు."

"కాదు. నా ఈడువాడే, మంచోడు. మిషను పాడైతే బాగుచేయించుకు రమ్మని నీళ్ళకు అవతల గట్టుకు పంపాడు. కీ అందులోనే ఉందన్న సంగతి మర్చిపోయాడు. తీసుకెళ్ళినోడూ మంచోడే. మధ్యలో ఎవడో ఒకడు కీ కాజేశాడు. తూములన్నీ ఒకే పోటుకి తెరుచుకున్నయ్యి. మీ అమ్మ నిన్ను డేగిసాలో కూచోబెట్టి నెట్టుకుంటా వచ్చింది ఈ కట్ట మీదికి. నీకు గుర్తుండదు."

ఆ తర్వాత నేను కీ మాట ఎత్తలేదు. సంతకం కూడా పడలేదు.

బహుళ పంచమి

పోటు తగ్గే రోజులు. తూములకు పెద్దగా పని లేదు. అలారం కూత సరిగ్గా వినపడటం లేదని రెండో తూము వాళ్ళు చెబితే వెళ్ళి చూశాను. అలారం కొమ్ము మూతికి అడ్డంగా గూడు కట్టిన పిచ్చుకను లేపడానికి మనసు రాక కొమ్మును పక్కకు జరిపి బిగించాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఏడుకొండలు బావ గిన్నె విప్పాడు. రొయ్యపొట్టు వేపుడు.

"ఎవరు పంపారు?"

"మస్తానమ్మత్త."

"ఎందుకు?"

"గుల్ల గీకానని."

"ప్రతి పక్షం గీకుతావుగా. ఎప్పుడూ పంపలా."

"ఈసారి బాగా గీకాలే. తిను."

తిన్నాను. కారం ఎక్కువైనా బాగుంది.

బహుళ చతుర్దశి

నిన్నా ఇవాళా అలారం పరీక్షకు రాత రాశాను. కట్ట లోపల నీళ్ళు ఉప్పగా మారితే కొమ్ము కూయాలి. కూస్తుందో లేదో తెలియాలంటే తలుపు తప్పు వేళలో తెరుచుకోవాలి. కనుక కావాలని తప్పు రాయాలి. పోటు వచ్చినప్పుడు తెరుచుకునేలా, పాటు తీసినప్పుడు మూసుకునేలా రాసి, దానికి తలకిందులు అని పేరు పెట్టాను. ఉత్తుత్తి తూము ముందు రాతను వదిలి దీన్ని అందుకోవాలి కనుక వరస సంఖ్య పెద్దది ఇచ్చాను. ఎప్పటిలా బయటి కీ, ఖాళీ సంతకం.

మా ముసాయిదాలు గాలిలోనే పంపుతాం. ప్రతి తూమూ వింటుంది, అందుకుంటుంది, సంతకం చూసి లేదని పారేస్తుంది. ఉత్తుత్తి తూము ఉంచుకుంటుంది. ఇన్నేళ్ళుగా ఇదే పద్ధతి. దాని గురించి ఆలోచించే అవసరం రాలేదు.

జ్యేష్ఠ అమావాస్య

పోటు ఎక్కుతుండగా తలకిందులు పంపి, ఉత్తుత్తి తూము దగ్గర కట్ట మీద కూర్చున్నాను. తలుపు లేచింది. నీళ్ళు బురదలోకి దూకాయి. కాసేపటికి కొమ్ము కూసింది. సంతోషించాను. పలక తీసి కొమ్ము ఆపాను.

కూత ఆగలేదు. అది ఉత్తుత్తి తూముది కాదు. నాలుగో తూము వైపు నుంచి వస్తోంది.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి నాలుగో తలుపు నిలువునా లేచి ఉంది. ఏడుకొండలు బావ, ఇంకో నలుగురు చేతి చక్రం పట్టుకుని తిప్పుతున్నారు. మోటారు పైకి లాగుతోంది, వీళ్ళు కిందికి తోస్తున్నారు. బావ మోటారు తీగ కత్తితో కోశాడు. అప్పుడు చక్రం తిరిగింది. తలుపు దిగింది.

అప్పటికే పల్లం నిండింది. మస్తానమ్మత్త నారుమడి ఎక్కడుందో గట్టును బట్టి చెప్పాల్సిందే. ఆమె నడుం లోతు నీళ్ళలో నిలబడి దోసిట్లో నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మింది. 

నాంచారయ్య బాబాయి ఇంట్లో మంచం మునిగింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాం, మనిషి ఏమయ్యాడోనని. మనిషి లేడు. చాప, దుప్పట్లు చుట్టి అటక మీద పెట్టి ఉన్నాయి. బియ్యం డబ్బా అటక మీదే ఉంది. పెట్టె ఉన్న గూటికి నీళ్ళు అందలేదు.

అందరూ ఆ అటక వైపే చూశారు. ముందు అన్నది మస్తానమ్మత్తే.

"తెలిసే ఎక్కించాడు. తెలిసే పోయాడు."

ఆషాఢ శుద్ధ పాడ్యమి

పొద్దున కట్ట మీద సంఘం కూర్చుంది. అధ్యక్షురాలు భాస్కరమ్మ గారు మాటలు పెంచే మనిషి కాదు.

"తూము మన సంతకం లేని రాత తీసుకోదు. నాలుగో తూము తప్పు రాత తీసుకుంది. సంతకం ఒక్కడి చేతిలో ఉంది. ఆ ఒక్కడు పల్లంలో ఉండాల్సిన రోజున లేడు. నేను తప్పు మాట్లాడితే చెప్పండి."

 సంతకందారు మీద అనుమానం వస్తే కీ ఇక చెల్లకుండా కొట్టెయ్యాలన్నది మా నియమం. కొడితే ప్రతి తూమునూ విప్పి కొత్త కీ పెట్టాలి. ఆ పని అయ్యేదాకా తూములన్నీ చేతి చక్రాల మీదే నడవాలి. వచ్చేవి వాయుగుండాల నెలలు.

"నాంచారయ్య బాబాయి వచ్చేదాకా ఆగండి" అన్నాను. "అడగకుండా కొట్టెయ్యొద్దు."

"వస్తాడంటావా?" అంది మస్తానమ్మత్త. "ఇరవై రోజుల బట్టి నీ రాతకి వేలు పెట్టలేదు. దీనికి మాత్రం పెట్టాడు. ఏం ఇచ్చారో, ఎవరిచ్చారో."

"అనకు అత్తా."

"నా మడి మునిగింది. నేను అనకపోతే ఎవరంటారే?"

రేపటి గట్టు పడవ వచ్చేదాకా చూద్దామన్నారు భాస్కరమ్మ గారు. అందులో రాకపోతే మధ్యాహ్నానికి పెట్టె తీసేస్తారు.

భోజనానికి వెళ్ళకుండా నాలుగో తూముకు వెళ్ళాను. బాబాయి సంతకం పెట్టిన ఆ తప్పు రాత ఏమిటో చూడాలనుకున్నాను. మనసులో నేనూ ఆయన్ని అనుమానించాను. తూములో ఉన్న రాత పలక మీదికి తెచ్చుకుని అడుగు భాగం చూశాను. సంతకం ఉండాల్సిన చోట సున్నాలు. వరసగా అన్నీ సున్నాలే. ఎవరి వేలూ దాని మీద పడలేదు.

అప్పుడు పైకి వెళ్ళి పేరు చూశాను. తలకిందులు.

కట్ట రాయి మీద కూర్చున్నాను. నా రాతే. దాన్ని పారేయాల్సిన తూము ఎందుకు ఉంచుకుందో వెతికితే, తూము అమరికలో ఒక వాక్యం దొరికింది. మా బయటి కీ ఉన్న రాతకు సంతకం చూడనక్కర్లేదని. ఉత్తుత్తి తూములో ఉండే వాక్యమే. తూముల అమరిక ముట్టుకునేది ఇద్దరమే. నేను ముట్టుకోలేదు.

ఏడుకొండలు బావ పడవ దగ్గర తాడు పేనుతున్నాడు.

"నాలుగో తూముకి మినహాయింపు పెట్టావా బావా?"

తల ఎత్తలేదు. "పున్నమి మర్నాడు పెట్టా. నీ కొత్త రాత ఎక్కించా. చుక్క ఉప్పునీరు రాలా ఆ తర్వాత. నువ్వే చూసుకో."

"మరి తీయలేదేం?"

"తీస్తే నీ రాత ఆగిపోయిద్ది కదే. సంతకం పడ్డాక తీద్దామనుకున్నా. ఇవాళ పడుద్ది, రేపు పడుద్ది అనుకుంటున్నా." తాడు కింద పెట్టాడు. "ఏదో ముండమోపి రాత గాల్లోంచి వచ్చి పడుద్దని నాకేం తెలుసు?"

"ఆ ముండమోపి రాత నాదే. అలారం పరీక్షకి పంపింది."

 పడవ అంచుకు నీళ్ళు తగులుతున్నాయి.

"మస్తానమ్మత్త ఏడ్చింది శేషూ" అన్నాడు చివరికి. "నీ రాత ఉత్తుత్తి దాన్లో బానే ఉందిగా, ఇక్కడ పెడితే ఏమైద్దిరా అంది. నిజమే కదా అనిపించింది."

"చెప్పాలి బావా. చెప్పకపోతే కీ కొట్టేస్తారు. బాబాయిని ఊళ్ళో ఉండనివ్వరు."

"చెబితే నన్ను తూముల మీదికి రానివ్వరు. నాకు వేరే పనేం తెలుసు?" మళ్ళీ తాడు తీసుకున్నాడు. కొంచెం పేనాడు, విప్పాడు. "నువ్వు చెప్పబాక. నన్నే చెప్పనీ."

ఆషాఢ శుద్ధ విదియ

గట్టు పడవలో బాబాయి వచ్చాడు. కుడి కన్నుకు పచ్చ గుడ్డ కట్టి ఉంది. రేవులో దిగిన మనిషి జనాన్ని చూసి, జనం వెనక తన ఇంటి గోడ మీద నీళ్ళు నిలబడిన చారను చూసి ఆగిపోయాడు.

"ఏ తూము?" అని అడిగాడు.

"నాలుగు" అన్నారు భాస్కరమ్మ గారు. "సంతకం నువ్వు పెట్టావా అన్నా?"

"లేదు."

"మరి ఇల్లెందుకు వదిలావు?"

"కన్ను కోయించుకోటానికి. శుక్లం."

"చెప్పి పోవచ్చుగా."

ఆయన సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "కనపడటం లేదని చెబితే సంతకం తీసేసుకుంటారని చెప్పలా. ఎండాకాలం మొదలైన దగ్గర్నించీ అక్షరం అలుక్కుపోతోంది. శేషు తెచ్చిన రాత చదవలేక పున్నమనీ అమావాస్యనీ సాకులు చెప్పా. నాలుగో తూము కారుతోందని తెలుసు కాబట్టి చాపలు పైన పెట్టి పోయా. ఒక్క పూటలో వద్దామనుకుంటే నిన్న పడవ లేదు."

"చదవలేనోడు సంతకందారు ఎట్టా అవుతాడు?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"అవడు" అన్నాడు బాబాయి. "అందుకే పెట్టలా."

అప్పుడు ఏడుకొండలు బావ ముందుకు వచ్చాడు. మాటలు ముందే కూర్చుకుని వచ్చినట్టున్నాడు, అన్నీ ఒక్కసారే చెప్పేశాడు. మినహాయింపు ఎప్పుడు పెట్టిందీ, ఎందుకు తీయనిదీ. నేను నా రాత సంగతి చెప్పి పలక భాస్కరమ్మ గారికి ఇచ్చాను. సున్నాలు చూపించాను. బాబాయి సంతకం పడ్డ పాత రాత ఒకటి పక్కన పెట్టి చూపించాను. ఆమెకు రాత తెలియదు గానీ ఖాళీకీ నిండుకీ తేడా తెలుసు. రెండుసార్లు వేలితో జరిపి చూసుకున్నారు.

"ఇదెవరు పెట్టమన్నారురా నిన్ను?" అన్నారు బావతో.

 మస్తానమ్మత్త జనంలోంచి తోసుకుని వచ్చింది.

"నేనే అడిగా. ఇంక వాడి మొహం చూడటం దేనికి? నా నారు ఎర్రబడుతుంటే ఈయనగారు చదవడు, ఈమెగారు ఆగమంటది, నాకేం చెయ్యమంటారు? వాడొక్కడే నా మాట విన్నాడు. వేపుడు కూడా పంపా."

ఎవరో నవ్వారు. ఆమె వాళ్ళ వైపు చూసేసరికి ఆపారు. ఆ తర్వాత బాబాయి వైపు తిరిగింది. చెయ్యి ఎత్తింది, దించింది.

"చాపలు ఎక్కించినోడివి మంచం కూడా ఎక్కించి పోవద్దా? నవారంతా ఉప్పునీళ్ళు తాగింది. విప్పి ఉప్పు కడిగించు, లేకపోతే ఒరుసుకుపోయిద్ది ఒళ్ళు" అంది.

"కడిగిస్తాలే" అన్నాడు బాబాయి.

కీ కొట్టలేదు. భాస్కరమ్మ గారు చెప్పినవి ఇవి. పున్నమి దాకా ఏడుకొండలు తూము మీద చెయ్యి వేయకూడదు, పల్లంలో ఇళ్ళు శుభ్రం చేయాలి. ముసాయిదాలు ఇకమీదట గాలిలో పంపకూడదు, ఉత్తుత్తి తూముకు నేనే పడవలో మోసుకెళ్ళాలి. బాబాయి రెండో కన్ను కూడా బాగయ్యేదాకా ఒకరు పక్కన పైకి చదవాలి, ఆయన బాగైన కన్నుతో చూస్తూ వినాలి. చదివేది రాసిన మనిషి కాకూడదు.

"మరెవరు చదువుతారు?" అన్నాను.

"వాడే" అని బావను చూపించారు. "సంతకం పడక ముందు ఏం చెయ్యకూడదో వాడికి బాగా తెలిసొచ్చిందిగా."

ఆషాఢ శుద్ధ షష్ఠి

బాబాయి సంతకానికి ముందు మినహాయింపు తీయాలన్నాడు, తీసిన సంగతి తాను చూడాలన్నాడు. పడవలో నాలుగో తూముకు తీసుకెళ్ళాను. బావ కోసిన మోటారు తీగ అతికించి, మినహాయింపు వాక్యం కొట్టేశాను. ఆయన తృప్తి పడలేదు.

"సంతకం లేని రాత ఒకటి దానికియ్యి."

ఇచ్చాను. తూము పారేసింది. ఇంకోటి ఇమ్మన్నాడు. పారేసింది. అప్పుడు పడవ తిప్పమన్నాడు. మిగిలిన తూములన్నిటికీ కూడా ఇదే చేశాం. ఏ తూములోనూ మినహాయింపు లేదు. తిరిగి వచ్చేసరికి భోజనాల వేళ దాటింది.

ఇంట్లో గోడలు ఇంకా తడిగా ఉన్నాయి. బావ నేల మీది బురద ఎత్తి ఇసుక పోశాడు. మేము ముగ్గురం అటక నిచ్చెన మెట్ల మీద ఒకరి కింద ఒకరం కూర్చున్నాం. బావ పైకి చదివాడు. బాబాయి కుడి కన్ను పలకకు దగ్గరగా పెట్టి వేలు ఆనించుకుంటూ చూశాడు. ఒకచోట వేలు ఆగింది.

"గుల్ల అబద్ధం. ఇదేం పేరు?"

"గుల్ల పట్టిన కడ్డీ చెప్పే లెక్క బాబాయ్. ఏం పేరు పెట్టాలి మరి?"

"ఉండనీ. అర్థమవుతోందిగా."

రెండు కడ్డీలకూ గుల్ల పడితే ఏమవుతుందని అడిగాడు. రెండూ ఒకేలా అబద్ధం చెబితే రాత కూడా మోసపోతుందని, అందుకే గీకడం మానకూడదని చెప్పాను. "ఆ మాట కూడా రాతలో రాయి. మనం పోయాక చదివేవాడికి తెలియాలి" అన్నాడు. రాశాను. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాడు. బావ గొంతు ఎండి రెండు చెంబులు నీళ్ళు తాగాడు.

చివరికి బాబాయి లేచి చెయ్యి పంచెకు తుడుచుకుని పెట్టె మీద వేలు ఆనించాడు. పెట్టె వెంటనే ఏమీ చేయలేదు. తడి పట్టిందేమో అనుకున్నాను. ఇంకోసారి తుడుచుకుని ఆనించాడు. పలక మీద సున్నాలు పోయి సంతకం వచ్చింది.

సాయంత్రానికి నాలుగో తూము దాన్ని అందుకుంది, చూసుకుంది, ఉంచుకుంది.

ఆషాఢ శుద్ధ త్రయోదశి

వర్షం. మూడు రోజులుగా పడుతోంది. మస్తానమ్మత్త మడిలో నీళ్ళు నింపడం, కాలవలోకి వదలడం, మళ్ళీ నింపడం చేస్తోంది. ఉప్పు చాలావరకు కొట్టుకుపోయిందట. గింజలు మాత్రం నానబెట్టలేదు. అందరూ రెండో నారు పోసేశారు. ఎందుకు పోయలేదని ఎవరూ అడగడం లేదు. గింజలు ఉన్నది ఒక్కసారికే.

ఆషాఢ పౌర్ణమి

పోటు వచ్చే వేళకు నాలుగో తూము దగ్గరికి వెళ్ళేసరికి మస్తానమ్మత్త ముందే వచ్చి గట్టు మీద కూర్చుని ఉంది. ఏడుకొండలు బావ కొంచెం దూరంలో నిలబడ్డాడు. పున్నమి ఇంకా దాటలేదని దగ్గరికి రాలేదు. బాబాయి రాలేదు. పోటు సమయంలో ఆయన ఇంట్లోనే ఉంటాడు.

గాలి సముద్రం మీంచి కొట్టింది. బయట నీళ్ళు రాతి కట్టుకు ఎక్కుతున్నాయి. పాత బందరు రోడ్డు ఆనవాలు లేదు. బయటి కడ్డీకి మళ్ళీ గుల్ల పట్టి ఉంది, కావాలనే గీకకుండా వదిలాను. పలకలో ఆ కడ్డీ నీళ్ళు కిందనే ఉన్నాయని చెబుతోంది. తలుపు కదల్లేదు.  లోపలి కడ్డీ వేరే లెక్క చెప్పగానే మోటారు ఒకసారి మూలిగింది. తలుపు దిగింది. ఇనుము రాయికి ఆనిన చప్పుడు వినిపించింది.

బయట నీళ్ళు పైపైకి వచ్చి తలుపును తోశాయి. మస్తానమ్మత్త లోపలి కాలవలోకి దిగి, నీళ్ళు వేలితో నాలుక మీద వేసుకుంది. కొంతసేపు అలాగే ఉంది. ఇంకోచోట మళ్ళీ వేసుకుంది. గట్టెక్కి వచ్చింది.

"చప్పగానే ఉన్నయ్యి" అంది. ఆ తర్వాత తలుపు వైపు చూపించింది. "ఇందులో ఇప్పుడున్నది సంతకం పడ్డదేనా?"

"పడ్డదే అత్తా."

"ఎవరిది?"

"బాబాయిదే. నువ్వు చూస్తానంటే పలకలో చూపిస్తా."

"నాకెందుకు పలక" అంది. చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ పల్లం వైపు, నాంచారయ్య బాబాయి ఇంటి వైపు చూసింది. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"పోతా. గింజలు నానెయ్యాలి."

నానిన గింజలు మొలకెత్తేలా మండె కట్టడానికి గోనెసంచి ఉందా అని బావ దూరం నుంచే అడిగాడు.

"ఉందిలేరా. నువ్వు ముందు ఆయన మంచానికి నవారు అల్లు" అంటూ వెళ్ళింది.